12 యూరోల లోపు ఫ్రెంచ్ వైన్: బోర్డో ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా?

కొత్త_లియోన్:
అందరికీ నమస్తే. ఈ మధ్యే లియోన్‌లో ఉద్యోగంలో చేరాను. వచ్చే శనివారం మా టీమ్‌లో ఒకాయన వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. చేతులూపుకుంటూ వెళ్తే బాగుండదు, ఒక వైన్ సీసా పట్టుకెళ్లు అన్నారు ఆఫీసులో. సరే అని సూపర్‌మార్కెట్‌కి వెళ్తే ఆ చివర నుంచి ఈ చివర దాకా సీసాలే, 3 యూరోల నుంచి 60 దాకా, చాలా వాటి మీద ఒక కోట బొమ్మ, సగం వాటికి బంగారు పతకం స్టిక్కరు. టెన్షన్ వచ్చి పాల ప్యాకెట్ కొనుక్కుని బయటపడ్డా. నాకు తెలిసిన పేరు బోర్డో ఒక్కటే. 10, 12 యూరోల్లో ఏదో ఒక బోర్డో తీసుకుంటే పరువు నిలుస్తుందా? ఇంట్లో మన వంటతో తాగడానికి కూడా ఏదైనా చెప్పండి. నేనేమీ పెద్ద తాగుబోతును కాదు, వారానికో గ్లాసు.

బోర్డో_బాబాయ్:
బోర్డో కొంటే పరువేం పోదు గానీ ఏ బోర్డో అన్నదే అసలు సంగతి. బోర్డోలోనే ఉంటాను కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా, విసుక్కోకు.

మార్గో, పోయాక్, పొమెరోల్ లాంటి పేరున్న బోర్డో ఊళ్ల వైన్లకి నువ్వు కట్టే డబ్బులో చాలా వంతు అక్కడి నేల ధరకీ ఆ పేరుకీ పోతుంది. 1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం బోర్డోలోని మెదోక్ ఎర్ర వైన్లకీ సోతెర్న్ తీపి వైన్లకీ ర్యాంకులు వేశారు. ఆ పట్టిక ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. పెద్ద మార్పు అంటే 1973లో షాతో మూతోన్ రోత్‌షీల్డ్‌ని (షాతో అంటే వైన్ ఎస్టేటు) రెండో వరస నుంచి మొదటి వరసకి ఎక్కించడమే. 12 యూరోలు చేత్తో పట్టుకున్నవాడికి ఆ పట్టికతో పని లేదు. పేరున్న ఊరికి పక్క ఊరు చూసుకోవాలి, అంతే.

ఉదాహరణకి సాంతెమిలియోన్ నుంచి తూర్పుకి కాస్త వెళ్తే కాస్తియోన్. చాలా చోట్ల అదే సున్నపురాయి, అదే బంకమన్ను, ద్రాక్ష కూడా ఎక్కువగా మెర్లోనే, ధర మాత్రం సగానికి సగం తక్కువ. 1453లో నూరేళ్ల యుద్ధాన్ని ముగించిన ఆఖరి పోరు జరిగింది ఆ ఊరి దగ్గరే. సీసా మీద 'కాస్తియోన్ కోత్ ద బోర్డో' అని ఉంటుంది. ఫ్రోన్సాక్, బ్లాయ్, కోత్ ద బూర్ కూడా అదే బాపతు. పొమెరోల్ మీద మోజుంటే దాని పక్కన లలాంద్ ద పొమెరోల్ ఉంది, అది నీ బడ్జెట్ కాస్త దాటొచ్చు.

ఒక ఉచ్చు ఉంది, చాలామంది పడతారు. 'సాంతెమిలియోన్ గ్రాన్ క్రూ' అని ఉంటే ఏదో పెద్ద ర్యాంకు అనుకుంటాం. అది ర్యాంకు కాదు, అప్పెలాసియోన్ పేరే అది, అంటే ఫలానా చోటి వైన్ అని చట్టం ఒప్పుకున్న పేరు. బోలెడు షాతోలు ఆ మాట వేసుకుంటాయి. అసలు ర్యాంకు 'గ్రాన్ క్రూ క్లాసే'. 2022 జాబితాలో దాని పైమెట్టు కూడా కలుపుకుని 85 షాతోలే ఉన్నాయి. ఆ 'క్లాసే' లేనప్పుడు గ్రాన్ క్రూ అన్నందుకు అదనంగా డబ్బులు పెట్టకు.

ఇప్పుడు కొనేవాడిదే రాజ్యం కూడా. ఎర్ర బోర్డో అమ్ముడుపోక 2023లో హెక్టారుకి 6,000 యూరోలిచ్చి తోటలు పీకించే పథకం పెట్టారు ఇక్కడ. రైతుల పరిస్థితి చూస్తే జాలేస్తుంది, కానీ 8, 10 యూరోల సీసాల్లో ఇంత నాణ్యత మాత్రం దొరుకుతోంది.

స్వప్న_లియోన్:
బాబాయ్ గారూ, చెప్పిందంతా నిజమే, కానీ లియోన్‌లో ఉన్నవాడి చేత బోర్డో కొనిపిస్తారా? ఇక్కడివాళ్లు మా ఊరికి మూడు నదులు, రోన్, సోన్, బోజొలే అంటారు. కారులో గంట ఉత్తరానికి వెళ్తే మోర్గోన్.

తమ్ముడూ, బోజొలే అనగానే చాలామందికి నవంబరు మూడో గురువారం వచ్చే బోజొలే నూవో గుర్తొస్తుంది. ఆ ఏడు కోసిన ద్రాక్షని వారాల్లో వైన్ చేసి అమ్మేస్తారు. అదొక సరదా, దాన్ని పక్కన పెట్టు. పైన కొండల్లో పది ఊళ్ల పేర్లు ఉన్నాయి, వాటిని క్రూ అంటారు: మోర్గోన్, ఫ్లూరీ, మూలాన్ ఆ వాన్, జులియేనా, షెనా, షిరూబ్ల్, బ్రూయీ, కోత్ ద బ్రూయీ, రెన్యే, సాంతమూర్. చాలా సీసాల మీద బోజొలే అన్న మాటే పెద్దగా కనిపించదు, ఊరి పేరే ఉంటుంది. తెలియనివాళ్లు దాటుకుని వెళ్లిపోతారు, అందుకే ధర ఇంకా 9 నుంచి 14 మధ్యలో ఆగింది. పక్కనే బర్గండీలో అదే స్థాయి వైన్‌కి రెండింతలు పెట్టాలి.

అక్కడి ద్రాక్ష పేరు గమే. 1395లో బర్గండీ డ్యూక్ దీన్ని 'చాలా చెడ్డ, నమ్మకద్రోహి మొక్క' అని తిట్టి తోటల్లోంచి పీకేయమన్నాడు. బోజొలే రాతినేలలో మాత్రం అది ఎంచక్కా పండుతుంది. వగరు తక్కువ, ఎర్రపళ్ల వాసన. ఫ్రిజ్‌లో ఒక అరగంట పెట్టి తీస్తే ఇంకా బాగుంటుంది. మోర్గోన్ కాస్త గట్టిది, ఫ్లూరీ సుకుమారం. శనివారానికి మోర్గోన్ తీసుకెళ్లు.

హేతువాది_రావు:
ఇదంతా ఊళ్ల పేర్ల మాయ అండీ. కళ్లకి గంతలు కట్టి 4 యూరోలదీ 12 యూరోలదీ ఇస్తే ఇక్కడ ఎంతమంది తేడా చెప్తారు? నేను 4 దాటి పెట్టను. పైగా నాది బంగారు పతకం సీసా.

లెక్కల_మాస్టారు:
రావు గారూ, రుచి సంగతి వదిలేసి లెక్క చూద్దాం. ఫ్రాన్స్‌లో మామూలు వైన్ మీద ఎక్సైజ్ సుంకం నామమాత్రం, సీసాకి సుమారు 3 సెంట్లు. దాని మీద 20 శాతం వ్యాట్. 3 యూరోల సీసాలో 50 సెంట్లు వ్యాట్‌కే పోయాయి, మిగతా రెండున్నరలోంచి గాజు సీసా, బిరడా, లేబుల్, అట్టపెట్టె, లారీ, షాపువాడి లాభం అన్నీ తీసేస్తే లోపలున్న ద్రాక్షకి మిగిలేది చిల్లరే. ఈ ఖర్చులు 9 యూరోల సీసాకి మూడింతలేం అవ్వవు. కాబట్టి 3 నుంచి 9కి వెళ్తే పెరిగిన డబ్బులో చాలా భాగం నిజంగా వైన్‌లోకే వెళ్తుంది. 9 నుంచి 15 దాకా కూడా చాలాసార్లు అంతే. 25, 30 దాటాక ఎక్కువగా పేరుకీ కొరతకీ కడుతున్నట్టు. నా దృష్టిలో ఫ్రాన్స్‌లో డబ్బుకి తగ్గ వైన్ 7 నుంచి 15 మధ్యలోనే ఉంది.

పతకాల గురించి: పోటీలు బోలెడు ఉన్నాయి, అన్నీ ఒక్కటి కావు. పారిస్ వ్యవసాయ పోటీ పతకానికి, అదే ఓక్ చెట్టు ఆకు గుర్తున్నదానికి, కాస్త విలువ ఉంది. మిగతా వాటిలో కొన్ని ఊరూపేరూ లేనివి. పతకం మీద ఏ సంవత్సరం పంటకి ఇచ్చారో, సీసా మీద అదే సంవత్సరం ఉందో లేదో కూడా చూసుకోండి.

హేతువాది_రావు:
లెక్క ఒప్పుకుంటా. నాలుక ఒప్పుకోవాలి కదా.

పచ్చిమిరప:
అసలు ప్రశ్నలో సగం వదిలేశారు. మన వంటతో ఏది పోతుంది? మా ఇంట్లో గోంగూర మాంసం వండి, ఎవరో ఇచ్చిన ఖరీదైన ఎర్ర బోర్డో తెరిచాం. నోరంతా మంట, వైన్ చూస్తే చేదు.

నాంత్_నాగమణి:
మంట పెరగడానికి కారణం ఉంది. కారం ఉన్న నోట్లో ఆల్కహాల్ ఎక్కువైతే మంట ఎక్కువవుతుంది, వగరు ఎక్కువైతే చేదు తేలుతుంది. 14.5 శాతం ఆల్కహాల్, కొత్త ఓక్ పీపాలో పెట్టిన గట్టి ఎర్ర వైన్ మన కూరకి శత్రువే. గోంగూరకి ఇంకో చిక్కు, పులుపు. తినేదానికంటే వైన్‌లో పులుపు తక్కువైతే వైన్ చప్పగా, నీళ్లలా అనిపిస్తుంది. కాబట్టి పులుపు ఎక్కువ, వగరు తక్కువ, ఆల్కహాల్ 12, 12.5 లోపు ఉన్నవి వెతుక్కోవాలి, వీలైతే కాస్త తీపి ఉన్నవి.

దానికి ల్వార్ నది ఒడ్డున పండే వైన్లని మించింది లేదు. వూవ్రే 'దెమీ సెక్' అని అడగండి. షెనాన్ ద్రాక్ష, కాస్త తీపి, దాని వెనకే నిమ్మకాయలాంటి పులుపు. 9, 12 యూరోల మధ్య. మా ఇంట్లో చికెన్ ఫ్రై, మామిడికాయ పప్పు చేసినప్పుడల్లా అదే. నది అవతల ఒడ్డున మోన్‌లూయీ కూడా ఇదే తరహా. ఎర్రదే కావాలంటే షినోన్, బూర్గేయ్, ఇవి కాబెర్నే ఫ్రాన్ ద్రాక్ష, కాస్త చల్లగా చేసి తాగొచ్చు.

మా నాంత్ చుట్టూ పండేది మస్కదే. చేపల పులుసుకి కాదు గానీ వేయించిన రొయ్యలకీ చేపలకీ ఇంకోటి అక్కర్లేదు. లేబుల్ మీద 'సూర్ లీ' అని చూసి తీసుకోండి, అంటే చలికాలమంతా ఈస్టు మడ్డి మీదే ఉంచి తర్వాత సీసాల్లో నింపారన్నమాట, రుచికి కాస్త ఒళ్లు వస్తుంది. 6, 8 యూరోలు. ఫ్రాన్స్ మొత్తంలో ఇంత చవగ్గా ఇంత నిజాయితీగా ఉన్న తెల్ల వైన్ ఇంకోటి నాకు కనిపించలేదు.

సాన్సేర్ పేరు మీద 18, 20 పెట్టే బదులు పక్కనున్న మెనెతూ సాలోన్, కెన్సీ, రెయీ చూడండి, అదే సోవిన్యోన్ ద్రాక్ష. ఇంకా తక్కువలో తూరేన్ సోవిన్యోన్.

అల్జాస్_అన్న:
కారానికి గెవుర్జ్‌ట్రామినర్ అని ఎవరూ అనలేదేంటి? గులాబీ, లిచీ వాసన, బిర్యానీకి అది కరెక్ట్. అల్జాస్‌లో ఇంకో సుఖం, లేబుల్ మీద ద్రాక్ష పేరే రాస్తారు, ఊళ్ల పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. ఇప్పుడు ఎంత తీపో కూడా రాస్తున్నారు. సెక్ అంటే తీపి లేనిది, దూ అంటే పూర్తి తీపి.

నాంత్_నాగమణి:
గెవుర్జ్‌ట్రామినర్‌లో పులుపు తక్కువ అన్నా, ఆల్కహాల్ కూడా చాలాసార్లు 13 దాటుతుంది. బిర్యానీకి ఓకే, గోంగూరకి నేను ఇవ్వను. దానికంటే మీ రీస్లింగే నయం.

అల్జాస్_అన్న:
సరే, గోంగూర మీకు వదిలేశా.

తులూజ్_తమ్ముడు:
మా నైరుతి వైపు ఎవరూ రాలేదు. ఇక్కడ విమానాల కంపెనీల్లో మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, తులూజ్ నుంచి అరగంట దూరంలో ఫ్రోంతోన్ ఉందని సగం మందికి తెలియదు. అక్కడ నెగ్రెత్ అని ఒక ద్రాక్ష, వయొలెట్ పువ్వు వాసన, సీసా 6, 9 యూరోలు. ఆదివారం తోటకి వెళ్తే వాళ్లే రుచి చూపించి అమ్ముతారు.

మల్బెక్ అంటే అర్జెంటీనా అనుకుంటారు గానీ దాని సొంతిల్లు కాహోర్. కనీసం 70 శాతం మల్బెక్ ఉండాలి అక్కడ. మటన్ రోస్ట్ లాంటివాటికి పోతుంది, కారం తక్కువేసుకోవాలి. మదిరాన్ జోలికి మాత్రం మొదట్లోనే వెళ్లకండి, తనా ద్రాక్ష, వగరుకి పళ్లు పట్టేస్తాయి, కొన్నేళ్లు దాచుకునే ఓపిక ఉంటేనే. రోజువారీ తెల్లదానికి కోత్ ద గాస్కోన్య్, 5 యూరోలకే బత్తాయి తొక్క వాసనలా ఘుమఘుమలాడుతుంది.

ఇక లాంగ్‌డాక్. ఒకప్పుడు నీళ్ల వైన్ పండించే చోటు అని చిన్నచూపు. ఇప్పుడు ఫోజేర్, సాన్ షినియాన్, మినెర్వువా, కోర్బియేర్, తెల్లవాటిలో పిక్‌పూల్ ద పినే, అన్నీ 7, 12 మధ్య. పిక్ సాన్ లూకి 2017లో సొంత అప్పెలాసియోన్ వచ్చింది, ఇప్పుడు దానికి పేరొచ్చి ధర కూడా పైకి పోయింది. పేరు రాకముందే కొనుక్కోవాలి మరి.

రోన్_రమేష్:
పక్క ఊరు సూత్రం మా దక్షిణ రోన్‌కి ఇంకా బాగా పనిచేస్తుంది. షాతోనెఫ్ ద్యు పాప్ 25 నుంచి మొదలు. నది అవతల ఒడ్డున లిరాక్, అదే గులకరాళ్లు, అదే గ్రెనాష్, 10, 14. ఈశాన్యం వైపు వాకెరాస్, కేరాన్. కేరాన్ 2016లోనే క్రూ అయింది, అంతకుముందు కోత్ ద్యు రోన్ విలాజ్‌లో భాగం, కాబట్టి ధరకింకా తల తిరగలేదు. కానీ ముందే చెప్తున్నా, ఇవి 14, 15 శాతం ఆల్కహాల్. నాగమణి గారు చెప్పిన రూలు ప్రకారం కారానికి పనికిరావు.

లియోన్ తమ్ముడు శనివారం ఎవరింటికి వెళ్తున్నాడో వాళ్లు మాంసం వండుతుంటే కేరాన్ బెస్టు.

స్వప్న_లియోన్:
ఏం వండుతున్నారో తెలియనప్పుడు మోర్గోనే క్షేమం, చికెన్‌కీ సాసేజ్‌కీ చీజ్‌కీ దేనికైనా సర్దుకుంటుంది. రమేష్ గారూ, పార్టీ మార్చను.

కొత్త_లియోన్:
ఇన్ని పేర్లు! స్క్రీన్‌షాట్లు తీసుకున్నా. కానీ షాపులో నిలబడి, ఎదురుగా రెండు మోర్గోన్లు ఉంటే ఏది తీయాలి? లేబుల్‌లో ఏం చూడాలి?

లెక్కల_మాస్టారు:
ముందు సీసా వెనక్కి తిప్పు. 'మీ ఆన్ బుతేయ్ ఓ దొమేన్' లేదా 'ఓ షాతో' అని ఉంటే పండించినచోటే సీసాల్లో నింపారు. 'మీ ఆన్ బుతేయ్ పార్' అని చెప్పి ఏదో కంపెనీ పేరూ పోస్టల్ కోడూ ఉంటే ఎవరి దగ్గరో కొని నింపారు. అది చెడ్డదని కాదు, మంచి వ్యాపారులూ ఉన్నారు. కానీ ముందు వైపు కోట బొమ్మ వేసి వెనక ఎక్కడో దూరపు కోడ్ ఉంటే నేను పెట్టేసి పక్కది తీస్తా.

చాలా సీసాల మూత పైన గుండ్రంగా మరియాన్ (ఫ్రాన్స్ దేశానికి గుర్తుగా వేసే స్త్రీ) ముఖం ముద్ర ఉంటుంది, పన్ను కట్టారని గుర్తు. కొన్నింటి మీద దాని పక్కన ఒక అక్షరం కూడా కనిపిస్తుంది: 'ఆర్' అంటే పండించినవాడే, 'ఎన్' అంటే వ్యాపారి. షాంపేన్‌లో అయితే లేబుల్ మీద చిన్న అక్షరాల్లో 'ఆర్‌ఎం' అంటే రైతు, 'ఎన్‌ఎం' అంటే పెద్ద కంపెనీలు, 'సీఎం' అంటే సహకార సంఘం.

నమ్మకూడని మాటలు: 'గ్రాన్ వాన్ ద బోర్డో', 'వియేయ్ వీన్య్' (ముసలి తీగ అని అర్థం, ఎన్నేళ్లకి ముసలిదో చట్టంలో లేదు), 'రిజర్వ్', 'ప్రెస్టీజ్'. బరువైన సీసా కూడా అంతే, గాజుకి డబ్బులు కడుతున్నావు.

ఇంకోటి, సహకార సంఘాలని చిన్నచూపు చూడకు. షబ్లీలో లా షబ్లీజియెన్ సంఘం 1923 నుంచి ఉంది, ఆ ఊరి వైన్‌లో పెద్ద వాటా దానిదే. బర్గండీలో బుక్సీ సంఘం మోంతన్యీ అలాంటిదే. బర్గండీ అంటే చాలామంది భయపడి దూరంగా ఉంటారు గానీ, కోత్ షలోనెజ్‌లో జివ్రీ, రుల్లీ, బూజ్రోన్, ఇంకా కిందికి మాకోన్, సాన్ వెరాన్ దగ్గర మన జేబుకి అందే సీసాలు ఉన్నాయి. 12 కాదు, 15 అనుకో.

గోదారి_గాలి:
సెప్టెంబరులో సూపర్‌మార్కెట్లు పెట్టే ఫువార్ ఓ వాన్ (వైన్ అమ్మకాల మేళా) గురించి చెప్పండి మాస్టారూ. నిజంగా తగ్గిస్తారా?

బోర్డో_బాబాయ్:
నేను చెప్తా. కొన్ని నిజంగా తగ్గిస్తారు, కొన్ని ఆ వారం కోసమే ప్రత్యేకంగా తెప్పించిన అనామక సీసాలు. కేటలాగ్ ముందే వస్తుంది, పేర్లు చూసుకుని, ఆ దొమేన్ సొంత వెబ్‌సైట్లో ధర ఎంతుందో పోల్చుకుని వెళ్లాలి. మంచివి మొదటి రోజు పొద్దున్నే అయిపోతాయి. నాకైతే దానికంటే విన్యెరోన్ ఇందెపాందాన్ (సొంతంగా పండించి వైన్ చేసే రైతుల సంఘం) వాళ్ల మేళా ఇష్టం, లియోన్‌లో కూడా పెడతారు. టికెట్ కొంటే గ్లాసు చేతిలో పెడతారు, వందల మంది రైతులు ఒక్క హాల్లో, రుచి చూసి తోట ధరకే కొనొచ్చు. పీపా భుజాన మోస్తున్న మనిషి బొమ్మ వాళ్ల గుర్తు, సీసాల మీద కూడా ఉంటుంది, షాపులో ఆ బొమ్మ కనిపిస్తే ధైర్యంగా తీసుకో. మేళాలో మాత్రం ఉమ్మేయడం నేర్చుకోండి, దానికి బకెట్లు పెడతారు. మనవాళ్లు మొహమాటపడి అన్నీ మింగేసి మధ్యాహ్నానికి గోడకి ఆనుకుంటారు.

శ్రీజ_పారిస్:
బుడగల వైన్ గురించి ఒక్క ముక్క. పుట్టినరోజులకి షాంపేన్ కొనలేకపోతే క్రెమాన్ తీసుకోండి. రెండో పులియబెట్టడం సీసాలోనే, షాంపేన్ పద్ధతే. షాంపేన్‌కి కనీసం 15 నెలలు ఆగాలి, క్రెమాన్‌కి మడ్డి మీద 9 నెలలు చాలు. ల్వార్, అల్జాస్, బర్గండీ, లిమూ, జురా, అన్నిచోట్లా చేస్తారు. 8, 12 యూరోలు. ఆ ధరకి దొరికే షాంపేన్ కంటే మంచి క్రెమాన్ ఎప్పుడూ మెరుగు, అసలు ఆ ధరకి షాంపేన్ దొరికితే నేను అనుమానిస్తా. 'బ్రూత్' (తీపి దాదాపు లేనిది) అని ఉన్నది తీసుకోండి, 'దెమీ సెక్' అయితే కేకుతో.

గోదారి_గాలి:
థాంక్స్ అండీ. డిసెంబరులో హైదరాబాద్ వెళ్తున్నా, నాన్నకి రెండు మంచి సీసాలు తీసుకెళ్లాలని ఉంది. ఎన్ని తీసుకెళ్లొచ్చు?

శ్రీజ_పారిస్:
మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు, మొత్తం మద్యం కలిపి. సీసా 75 సెంటీలీటర్లు కాబట్టి రెండు సీసాలు పెట్టాక ఒక 37.5 సగం సీసాకి కూడా చోటుంటుంది. చెకిన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెట్టండి, క్యాబిన్ బ్యాగులో సెక్యూరిటీ దాటనివ్వరు. నాన్నగారికి మామూలు ఎర్రది కంటే బాన్యూల్స్ లాంటి తీపి ఎర్రది తీసుకెళ్లండి, తెరిచాక కూడా ఫ్రిజ్‌లో కొన్ని వారాలుంటుంది. ఇంట్లో పెద్దాయన ఒక్కరే తాగుతుంటే సీసా ఒక్కరోజులో అవ్వదు కదా.

కొత్త_లియోన్:
ఇవాళ ఇంటి దగ్గర కావిస్త్ (వైన్లు అమ్మేవాడు) షాపుకి వెళ్లాను. స్వప్న గారి మాట విని మోర్గోన్ అడిగా, ఆయన మూడు చూపించి 11 యూరోల 50 సెంట్లది తీసుకోమన్నాడు, వెనక 'ఓ దొమేన్' ఉంది, మరియాన్ పక్కన 'ఆర్' కూడా ఉంది :) ఇంటికి ఒక వూవ్రే దెమీ సెక్. రెండు సందేహాలు. శనివారం వాళ్లు నా సీసా తెరవకపోతే నచ్చలేదని అర్థమా? వారానికో గ్లాసు తాగితే మిగతా వూవ్రే ఏం చేయాలి?

స్వప్న_లియోన్:
తెరవకపోతే ఏమీ అనుకోకు. భోజనానికి తగ్గ వైన్ వాళ్లు ముందే తీసి పెట్టుకుంటారు, నీది తర్వాత ఎప్పుడో తాగుతారు. ఇచ్చేటప్పుడు మోర్గోన్ అని చెప్పు, చాలు, లియోన్‌వాళ్లకి ఇంక వివరించక్కర్లేదు.

నాంత్_నాగమణి:
వూవ్రే బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు, నాలుగైదు రోజులు బాగానే ఉంటుంది. వారం దాటితే వాసన తగ్గిపోతుంది. అందుకే శుక్రవారం తెరిచి ఆదివారం లోపు ఎవరినైనా పిలిచి చికెన్ ఫ్రై చేసి పెట్టు. మనుషులు దొరకకపోతే సగం సీసాలు అడుగు, కావిస్త్ దగ్గర కొన్ని ఉంటాయి, ధర మాత్రం సగం కంటే ఎక్కువే పడుతుంది.